టీబీ మందులకు ఫోన్ యాప్: స్క్రీన్ మీద పచ్చ టిక్కు, దిండు గలీబులో మాత్రలు

పెద్దక్క (కొత్త సభ్యురాలు)

అందరికీ నమస్కారం. ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. మా తమ్ముడికి ఊపిరితిత్తుల టీబీ. వయసు 26. మందులు మొదలుపెట్టి ఈ రోజుకి 81 రోజులు. మొదటి రెండు నెలలు అయ్యాక కళ్లె పరీక్ష చేస్తే క్రిములు కనబడలేదన్నారు. దగ్గు పోయింది, ఒళ్లు కూడా చేసింది. ఇంట్లో అందరం గండం గడిచిందనుకున్నాం.

మందులు మొదలైన రోజే క్లినిక్ వాళ్లు వాడి ఫోన్లో ఒక యాప్ పెట్టారు. రోజూ ఉదయం ఏడింటికి మోగుతుంది. మాత్రలు వేసుకుని 'వేసుకున్నాను' అని నొక్కితే ఆ తేదీ మీద పచ్చ టిక్కు పడుతుంది. వాడి ఫోన్లో ఒక్క రోజు కూడా ఖాళీ లేదు, అంతా పచ్చగానే ఉంది. నేనూ అది చూసి నిశ్చింతగా ఉన్నాను.

నిన్న పక్క దులుపుతుంటే దిండు గలీబులోంచి టిష్యూ కాగితం ఉండ ఒకటి జారింది. విప్పి చూస్తే మాత్రలు. చెమటకి తడిసి రంగు కాగితానికి అంటింది, రెండు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. లెక్కపెడితే మూడు రోజులవి. ఆ మూడు రోజులకీ ఫోన్లో టిక్కులున్నాయి.

వాణ్ణి ఇంకా అడగలేదు. అడిగితే ఏడుస్తానో తిడతానో నాకే తెలియదు. ఈ యాప్‌ల వల్ల ఎవరికైనా నిజంగా మేలు జరిగిందా? వీడియో తీసి పంపే యాప్‌లు కూడా ఉంటాయట, అలాంటిది పెట్టించమంటారా? ఇప్పటికే ఏమైనా ముంచుకొచ్చిందేమో అని రాత్రంతా టెన్షన్‌తో నిద్ర లేదు.

నర్సమ్మ (టీబీ విభాగంలో 18 ఏళ్లుగా నర్సు)

అమ్మా, ముందు మీరు స్థిమితపడండి. ఆ ఉండ మీ కంటపడటం ఒక విధంగా మంచిదే అయింది, ఇంకో నెల పోయాక తెలిసి ఉంటే కష్టమయ్యేది. రేపు క్లినిక్‌కి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తప్పిన మాత్రలన్నీ కలిపి ఒకేసారి మింగనివ్వకండి. ఎన్ని డోసులు పోయాయో చూసుకుని కోర్సు ఎలా కొనసాగించాలో వాళ్లు నిర్ణయిస్తారు. మీ తమ్ముణ్ణి మాత్రం 'ఎందుకు ఇలా చేశావు' అని కాకుండా 'వేసుకుంటే ఏమవుతోంది' అని అడగండి. నా అనుభవంలో మొదటి ప్రశ్నకి అబద్ధం వస్తుంది, రెండోదానికి జవాబు వస్తుంది.

మీ వాడు ఆగిన చోటే చాలామంది ఆగుతారు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు ఇస్తాం: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. చురుగ్గా పెరిగే క్రిములు తొలి వారాల్లోనే చాలావరకు చచ్చిపోతాయి. దగ్గు తగ్గేదీ, ఆకలి పుట్టేదీ అప్పుడే. మిగిలేవి నిద్రపోతున్నట్టు మందకొడిగా ఉండే క్రిములు. అవి కళ్లె పరీక్షలో కనబడవు, ఒంట్లో ఏ బాధా పెట్టవు. వాటికోసమే ఆ మిగతా నాలుగు నెలలు. రోగికి బాగైపోయినట్టు అనిపించేదీ, మందు అన్నిటికంటే అవసరమయ్యేదీ ఒకే సమయంలో. ఈ జబ్బులో పెద్ద చిక్కు ఇదే.

ఒకటి రెండు పోతే ఏమవుతుందిలే అనుకునేవాళ్ల కోసం ఇంకొకటి చెప్పాలి. మూడు పెద్ద ట్రయల్స్ (రోగులతో చేసే చికిత్సా పరీక్షలు) సమాచారాన్ని కలిపి చూసిన విశ్లేషణ 2018లో వచ్చింది. పదింట ఒక వంతు డోసులు తప్పినవాళ్లలో కూడా చికిత్స విఫలమయ్యే ముప్పు, ఒక్కటీ తప్పనివాళ్లతో పోలిస్తే దాదాపు 6 రెట్లు కనబడింది. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పట్లేదమ్మా. రేపు ఫోన్ చేయడం ఎల్లుండికి వాయిదా వేయకూడదని చెబుతున్నాను.

నిర్వాహకులు

ఈ చర్చలో మందుల మోతాదులు సూచించవద్దని మనవి. అనుభవాలు, యాప్‌ల పనితీరు గురించి ఎంతైనా రాయండి.

కోర్సుపూర్తి (సభ్యుడు)

పెద్దక్క గారూ, మీ తమ్ముడి చోటు నుంచి మాట్లాడతాను. నేను నాలుగేళ్ల క్రితం ఆరు నెలల కోర్సు పూర్తి చేశాను. నేను కూడా మాత్ర మింగకుండా పచ్చ బటన్ నొక్కినవాణ్ణే.

పరగడుపున మాత్రలు పడగానే పావుగంటకి కడుపులో తిప్పడం మొదలయ్యేది. వాంతి రాదు, వచ్చేస్తుందేమో అన్నట్టే రెండు మూడు గంటలు. మూత్రం ఎర్రగా నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారు కాబట్టి దానికి భయపడలేదు. ఈ వికారం గురించి మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఒక రోజు ముఖ్యమైన పని ఉండి, సాయంత్రం వేసుకుందాంలే అని పక్కన పెట్టాను. యాప్ వదల్లేదు. పది నిమిషాలకోసారి మోగుతూనే ఉంది. నోరు మూయించడానికి 'వేసుకున్నాను' నొక్కాను. సాయంత్రానికి మర్చిపోయాను. మర్నాడు చూస్తే నిన్నటి తేదీ మీద పచ్చ టిక్కు, నాకు ఏ శిక్షా లేదు. అక్కణ్ణుంచి అలవాటైపోయింది.

నన్ను బాగా కుంగదీసింది ఇంకొకటి ఉంది. రిమైండర్ వచ్చినప్పుడు లాక్ స్క్రీన్ మీద 'మీ టీబీ మందు సమయం' అని పెద్ద అక్షరాలు పడేవి. ఫోన్ బల్ల మీద వెల్లకిలా ఉంది. పక్కన కూర్చున్న సహోద్యోగి చదివాడు. ఏమీ అనలేదు. మర్నాటి నుంచి కుర్చీ కాస్త దూరంగా జరిపి కూర్చునేవాడు. అప్పటికి నాకు మందులు మొదలై మూడు నెలలు, నా వల్ల ఎవరికీ అంటుకునే దశ కాదు. అది ఆయనకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆ రాత్రే నోటిఫికేషన్లు ఆపేశాను.

నన్ను మళ్లీ దారిలో పెట్టింది యాప్ కాదు. నెలవారీ చెకప్‌లో ఒక హెల్త్ వర్కర్ నా ముఖం చూసి, 'మాత్రలు వేసుకున్నాక ఎన్ని గంటలు పడుకుని ఉంటున్నారు?' అని అడిగింది. ఆ ఒక్క మాటతో అన్నీ చెప్పేశాను. డాక్టరు గారు లివర్ పరీక్ష చేయించి, మందు వేళ మార్చి, వికారానికి వేరే మాత్ర రాశారు. మిగతా కోర్సులో ఒక్కటి కూడా పోలేదు.

కోడ్‌రాత (సభ్యుడు)

ఇలాంటి యాప్ తయారుచేసిన ఒక టీమ్‌లో రెండేళ్లు పనిచేశాను. పై రెండు పోస్టులు చదివాక గుండె బరువెక్కింది. యాప్ అని మనం ఒకే పేరుతో పిలుస్తున్నవి నిజానికి వేర్వేరు పనిముట్లు, ఏది దేనికి సాక్ష్యమో తెలిస్తే మీకు ఎంచుకోవడం తేలికవుతుంది.

ఉత్త రిమైండర్ మీకు గుర్తుచేస్తుంది, అంతే. మర్చిపోయేవాళ్లకి చాలు. మానేద్దామనుకున్నవాళ్లని ఆపలేదు. బటన్ నొక్కే యాప్, అంటే మీ తమ్ముడి దగ్గరున్నది, మనిషి మాట మీద ఆధారపడుతుంది. 99డాట్స్ అనే పద్ధతి ఉంది, దానికి స్మార్ట్ ఫోన్ అక్కర్లేదు. మాత్రల స్ట్రిప్‌ని ఒక అట్ట కవరులో పెట్టి ఇస్తారు. మాత్రను నొక్కి బయటికి తీస్తే దాని వెనకాల దాగిన ఫోన్ నంబరు కనబడుతుంది. ఆ నంబరుకి ఉచితంగా కాల్ చేస్తే ఆ రోజు డోసు నమోదవుతుంది. ఏ రోజు ఏ నంబరు వస్తుందో ముందుగా తెలియదు కాబట్టి మాత్ర బయటికి తీశారని నమ్మొచ్చు. నోట్లో వేసుకున్నారా అన్నది దానికీ తెలియదు. మాత్రల డబ్బా మూత తెరిస్తే నమోదయ్యే ఎలక్ట్రానిక్ పెట్టెలదీ ఇదే పరిమితి. మింగడం కంటికి కనబడేది వీడియోలో ఒక్కటే. అందులోనూ రెండు రకాలు. నర్సు లైవ్‌లో ఉండి చూసేది ఒకటి, మీ వీలునిబట్టి రికార్డు చేసి పంపితే వాళ్లు తర్వాత చూసేది ఇంకొకటి.

ఇప్పుడు నా బాధ చెబుతాను. మా యాప్‌లో 'వేసుకున్నాను' నొక్కితే నవ్వుతున్న బొమ్మ వచ్చేది. 'వేసుకోలేదు' నొక్కితే ఎర్రటి పెట్టెలో, మందు మానితే ప్రాణాపాయమని నాలుగు వాక్యాల హెచ్చరిక వచ్చేది. మంచికే అనుకున్నాం. అబద్ధం చెప్పడం తేలిక, నిజం చెప్పడం కష్టం అయ్యేట్టు మేమే కట్టామన్న సంగతి అప్పుడు మాకు తట్టలేదు.

లెక్కలపుస్తకం (ప్రజారోగ్య విద్యార్థిని)

అక్కా, 'మేలు జరిగిందా' అని అడిగారు కదా. దీని మీద మంచి ట్రయల్స్ ఉన్నాయి, జవాబు మాత్రం ఒక్క ముక్కలో రాదు.

ఉత్త ఎస్సెమ్మెస్‌ల సంగతి ముందు. పాకిస్థాన్‌లో రెండు వేలమందికి పైగా రోగులతో చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. రోజూ సందేశం పంపి, జవాబు కూడా అడిగేవారు. చికిత్స ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చైనాలో 36 ప్రాంతాల్లో చేసిన అధ్యయనం (2015) ఇంకా వివరంగా ఉంది. నెలలో ఐదో వంతు లేదా అంతకంటే ఎక్కువ డోసులు తప్పిన నెలలు ఎన్నో లెక్కగట్టారు. మామూలు చికిత్సలో 29.9 శాతం. ఎస్సెమ్మెస్ తోడైతే 27.3, అంటే దాదాపు అంతే. మోగే మాత్రల పెట్టె ఇస్తే 17 శాతానికి దిగింది, రెండూ కలిపితే 13.9. ఆ పెట్టెలో ఎవరు ఎన్ని తప్పారో డాక్టర్లు నెలనెలా చూసి, ఎక్కువ తప్పినవాళ్ల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టేవారు. నా దృష్టిలో కీలకం ఆ శ్రద్ధే.

కెన్యాలో జరిగినది నాకు బాగా నచ్చింది. స్మార్ట్ ఫోన్ కూడా లేదు, మామూలు కీప్యాడ్ ఫోన్లో పనిచేసే పద్ధతి. రోజూ మందు వేసుకున్నారా అని అడుగుతుంది. జవాబు రాకపోతే మళ్లీ అడుగుతుంది. అప్పటికీ రాకపోతే మనిషే ఫోన్ చేస్తాడు. 2019లో ఫలితాలు వచ్చాయి. చికిత్స విజయవంతం కానివాళ్లు మామూలు పద్ధతిలో 13.1 శాతం, ఇందులో 4.2 శాతం.

వీడియో గురించి కూడా అడిగారు. ఇంగ్లాండులో 226 మందితో చేసిన ట్రయల్లో, మొదటి రెండు నెలల్లో చూడాల్సిన డోసుల్లో కనీసం 80 శాతం నర్సులకి చూడటం కుదిరిన రోగులు వీడియో పద్ధతిలో 70 శాతం. మనిషి ఎదుట వేసుకునే పద్ధతిలో 31 శాతమే. న్యూయార్క్‌లో చేసిన మరో ట్రయల్లో (2022) రెండూ ఇంచుమించు సమానంగా వచ్చాయి, చూడగలిగిన డోసులు వీడియోలో 89.8 శాతం, మనిషి ఎదుట 87.2. వీడియో కనీసం తక్కువైతే కాదన్నమాట. పైగా ప్రయాణాలు, పని మానుకోవడాలు తప్పుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 మార్గదర్శకాల్లోనే ఎస్సెమ్మెస్‌లు, ఫోన్లు, మాత్రల పెట్టెలు, వీడియో వీటన్నిటినీ వాడొచ్చంది.

ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివితే నాకు కనబడేది ఇది: ఫోన్ నుంచి రోగికి మాట వెళ్లి అక్కడితో ఆగిన చోట ఫలితం లేదు. డోసు తప్పగానే అవతల ఎవరో ఒకరు కదిలిన చోట ఉంది.

గోడమీదిగడియారం (సభ్యుడు)

అందరూ మంచి మనసుతోనే రాస్తున్నారు, కానీ ఒక మాట అడగాలి. ఒక మనిషి ఆరు నెలలపాటు రోజూ నోరు తెరిచి కెమెరాకి నాలుక చూపించాలా? జబ్బు వచ్చింది, నేరం చేయలేదు కదా. మా నాన్నగారు టీబీ మందులు వాడినప్పుడు రోజూ కేంద్రానికి నడిచి వెళ్లి, వరసలో నిలబడి, ఎవరో చూస్తుండగా మింగి వచ్చేవారు. వరసలో తెలిసినవాళ్లు కనబడితే ముఖం తిప్పుకునేవారు. ఆ అవమానం పోవాలి గానీ ఫోన్లోకి మారితే లాభమేమిటి?

ఒకప్పుడు టీబీ రోగిని శానిటోరియంలో, అంటే ఊరికి దూరంగా ఉండే టీబీ ఆసుపత్రిలో, పెట్టకపోతే నయం కాదనేవారు. 1956లో మద్రాసులో పెట్టిన టీబీ కీమోథెరపీ కేంద్రం, ఇంట్లో ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత బాగానే నయమవుతుందని 1959లో చూపించింది. రోగి ఇంటికి రాగలిగాడు. ఆ తర్వాత నమ్మకం చాలలేదు, ఎదుట నిలబెట్టి మింగించారు. ఇప్పుడు ఇంట్లోకే కెమెరా వచ్చింది. ఆ వీడియోలు ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు దాస్తారు? యాప్ పెట్టేటప్పుడు ఇది ఒక్కరైనా రోగికి చెబుతున్నారా?

నర్సమ్మ

గడియారం గారూ, మీ నాన్నగారి మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ వరసకి అవతల పక్కన నేనూ నిలబడ్డాను. ముఖాలు తిప్పుకోవడం రోజూ చూశాను. మీరడిగినవన్నీ యాప్ పెట్టేముందే రోగికి చెప్పాలి, వద్దంటే వేరే దారి చూపించాలి. చాలాచోట్ల ఒక సంతకం పెట్టించి ఊరుకుంటున్నారు. అది తప్పే.

అయితే స్క్రీన్‌కి ఇవతల ఏం జరుగుతుందో కూడా చెబుతాను. పొద్దున తొమ్మిదింటికి కంప్యూటర్ తెరిస్తే నా కింద ఉన్న 58 మంది పేర్లు వరసగా వస్తాయి. పచ్చ చుక్కలున్నవాళ్లని ఆ రోజుకి వదిలేస్తాను. ఎర్ర చుక్కలు ఏ పదో పన్నెండో ఉంటాయి. వెనకటి రోజుల్లో 58 మందినీ ఒకే గాటన కట్టి, ఒక్కొక్కరితో నిమిషం కూడా మాట్లాడలేకపోయేదాన్ని. ఇప్పుడు ఆ పన్నెండు మందితో తీరిగ్గా మాట్లాడగలుగుతున్నాను. యాప్ నాకిచ్చింది ఆ తీరికే.

ఎర్ర చుక్క పడిన ప్రతివాళ్లూ మందు మానేశారనుకోకండి. ఒకాయనకి వరసగా నాలుగు ఎర్ర చుక్కలు. ఫోన్ చేస్తే భార్య ఎత్తింది. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే ఫోన్, ఆవిడ వేరే ఊరు తీసుకెళ్లింది. మాత్రలు ఆయన ఒక్కటీ తప్పలేదు. ఇంకొకావిడకి నెలంతా పచ్చే. చెకప్‌కి వస్తే బరువు రెండు కిలోలు తగ్గింది. మాత్రల స్ట్రిప్పులు తెమ్మని లెక్కపెడితే పదకొండు రోజులవి మిగిలాయి. అందుకని నేను చుక్కని తీర్పుగా చూడను. ఎవరి తలుపు ముందు తట్టాలో చెప్పే గుర్తు అంతవరకే. నెలకోసారి బరువు, మిగిలిన మాత్రల లెక్క, కళ్లె పరీక్ష ఎలాగూ తప్పవు.

ఒకచోట యాప్ వచ్చిందని సిబ్బందిని తగ్గించారని విన్నాను. ఎర్ర చుక్క పడితే చూసేవాళ్లే లేకపోతే ఆ చుక్క ఎందుకు?

పెద్దక్క

క్లినిక్‌కి వెళ్లొచ్చాం. మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియట్లేదు.

నర్సమ్మ గారు చెప్పినట్టే అడిగాను. ఉండని బల్ల మీద పెట్టి, 'వేసుకుంటే ఏమవుతోందిరా' అన్నాను. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఒక్కొక్కటీ బయటికొచ్చింది. మూడు వారాల క్రితం మళ్లీ పనిలో చేరాడు, రాత్రి డ్యూటీ. ఉదయం ఆరున్నరకి ఇంటికొస్తాడు. కళ్లు మూతలు పడుతుంటే ఏడింటికి యాప్ మోగుతుంది. అప్పుడు మాత్రలు వేసుకుంటే వికారంతో నిద్ర పట్టదు, నిద్రలేకపోతే ఆ రాత్రి డ్యూటీలో నిలబడలేడు. ఏడు గంటలని పెట్టింది సెలవులో ఉన్నప్పుడు. దాన్ని మార్చుకోవచ్చని వాడికి తెలియదు, ఎవరూ చెప్పలేదు. 'వేసుకోలేదు' నొక్కడానికి భయమేసిందన్నాడు. ఒకసారి నొక్కితే కోడ్‌రాత గారు చెప్పినలాంటి ఎర్ర హెచ్చరికే వచ్చిందట.

మొత్తం తొమ్మిది డోసులు పోయాయని వాడే డాక్టరు గారికి చెప్పాడు. ఆయన కోప్పడలేదు. లివర్ పరీక్ష, కళ్లె పరీక్ష చేయించారు, రెండూ బాగానే ఉన్నాయి. తప్పినవి కోర్సు చివర్లో కలిపారు. మందు వేళ సాయంత్రం ఐదింటికి మార్చారు, అంటే వాడు నిద్రలేచి ఇంకా ఏమీ తినని సమయం. వీడియో ఇష్టమేనా అని నన్ను కాదు, వాణ్ణే అడిగారు. ప్రస్తుతానికి వద్దన్నాడు. సరేనన్నారు.

చంటిదానిఅమ్మ (సభ్యురాలు)

మా పాపకి నాలుగేళ్లు. నీళ్లలో కరిగే పిల్లల మాత్రలు ఇచ్చారు, తియ్యగా ఉంటాయి. మేం వీడియో పద్ధతే ఎంచుకున్నాం. పాప కప్పు ఖాళీ చేసి దాన్ని కెమెరా ముందు తలకిందులుగా పట్టుకుని చూపిస్తుంది. అవతలి నర్సు చప్పట్లు కొట్టిన చిన్న వీడియో మర్నాడు వస్తుంది. ఆ చప్పట్ల కోసమే పాప పొద్దున్నే కప్పు అడుగుతుంది. గడియారం గారు అన్నది పెద్దవాళ్ల విషయంలో ఒప్పుకుంటాను. మాకు మాత్రం ఆ వీడియో పెద్ద ఆసరా అయింది.

నిదానంగా (సభ్యుడు)

నాది మందులకు లొంగని రకం, ఎమ్‌డీఆర్. ఇదివరకు ఏడాదిన్నర, రెండేళ్లు పట్టేది. 2022 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలల మందుల జట్టు సిఫారసు చేస్తోంది, బెడాక్విలిన్, ప్రిటోమానిడ్, లైనెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్. నాకు అవే ఇచ్చారు. వీడియో నేనే అడిగి పెట్టించుకున్నాను. ఒంటరిగా ఉంటాను, రోజుకి ఒక్క మనిషైనా నా ముఖం చూస్తుందని.

పద్నాలుగో వారంలో ఒక రోజు మామూలుగానే వీడియో పంపాను. గంటకల్లా నర్సు ఫోన్ చేసి, 'మాత్ర అరచేతిలో ఉండగా రెండుసార్లు తడుముకున్నారు. సరిగ్గా కనబడట్లేదా?' అంది. నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు. గదిలో వెలుతురు చాలట్లేదనుకుని రెండు రోజులుగా దీపం దగ్గరికి జరుపుకుంటున్నాను. ఆ రోజే రమ్మని కంటి పరీక్ష చేయించారు. లైనెజోలిడ్ వల్ల కంటి నరం దెబ్బతినడం మొదలైందట. ఆ మందు ఆపారు, చూపు మెల్లగా తిరిగొచ్చింది. పచ్చ బటన్ యాప్ అయితే ఆ రోజు కూడా 'డోసు పూర్తి' అనే రాసుకునేది.

వీడియో చూసేవాళ్లు మాత్రని మాత్రమే చూస్తే అది నిఘా, గడియారం గారితో ఏకీభవిస్తాను. నన్ను చూసిన మనిషి మాత్రని పట్టుకున్న చేతిని కూడా చూసింది.

గోడమీదిగడియారం

నిదానంగా గారూ, మీ చూపు దక్కినందుకు సంతోషం. ఆ నర్సుకి నా నమస్కారాలు చెప్పండి. వీడియోల భద్రత గురించి నేనడిగినవి అలాగే ఉన్నాయి గానీ, వీడియో మొత్తానికే వద్దనే మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎంచుకునే హక్కు రోగిది కావాలి, పెద్దక్క గారి తమ్ముణ్ణి అడిగినట్టు.

కోడ్‌రాత

నా పాత టీమ్‌తో నిన్న మాట్లాడాను. కొత్త వెర్షన్ పనిలో ఉన్నారు. ఏం మార్చాలో మీ మాటల్లో పంపుతానని చెప్పాను. ఒకటి నేనే రాసేశాను: 'వేసుకోలేదు' నొక్కితే హెచ్చరిక తీసేసి, 'ఏమైంది?' అని అడిగి వికారం, నొప్పులు, నిద్ర, మందు అయిపోయింది, ఊళ్లో లేను అని బటన్లు. ఇంకా?

కోర్సుపూర్తి

లాక్ స్క్రీన్ మీద జబ్బు పేరు, మందు పేరు రాకూడదు. యాప్ బొమ్మలో ఊపిరితిత్తులు కూడా వద్దు. ఫోన్ చూసినవాడికి అది ఏమిటో తెలియకూడదు.

లెక్కలపుస్తకం

నెట్ లేని చోట కూడా నమోదై, నెట్ వచ్చాక దానంతట అది వెళ్లాలి. చదవడం రానివాళ్లకి గొంతుతో చెప్పాలి. మా అమ్మమ్మలాంటివాళ్లకి తెర మీద అక్షరాలతో పనిలేదు, తెలిసిన గొంతు కావాలి.

నర్సమ్మ

కళ్లు లేదా ఒళ్లు పచ్చబడటం, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి తిరగడం, ఆగని వాంతులు, చూపు మసకబారడం, వీటికి వేరే బటన్ పెట్టు నాయనా. నొక్కితే రేపటి జాబితాలోకి కాదు, అప్పుడే మా ఫోన్ మోగాలి. రిఫాంపిసిన్ వల్ల వచ్చే నారింజ రంగుకీ కామెర్ల రంగుకీ తేడా తెలియక కంగారుపడేవాళ్లు చాలామంది, అనుమానమొస్తే అడగమని ఆ పక్కనే రాయి. మందు వేళ మార్చుకునే చోటు మొదటి పేజీలోనే కనబడాలి. మా తెర మీద కూడా ఒకటి కావాలి: ఎర్ర చుక్క పడి రెండు రోజులైనా మేం ఎవరం ఫోన్ చేయకపోతే, ఆ సంగతి మా పైవాళ్లకి తెలియాలి. రోగి తప్పిన డోసు లెక్క రాస్తున్నాం కదా, మేం తప్పిన ఫోన్ల లెక్క కూడా రాయాలి.

పెద్దక్క

ఆరు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. ఈ రోజు 123వ రోజు. వేళ మార్చాక డోసులు ఏవీ పోలేదు, మొన్న మంగళవారం ఒక్కటి తప్ప.

ఆ రోజు డ్యూటీకి ముందుగా రమ్మంటే హడావుడిగా వెళ్లిపోయాడు, మాత్రలు ఇంట్లో ఉండిపోయాయి. రాత్రి తొమ్మిదిన్నరకి గుర్తొచ్చి 'వేసుకోలేదు' నొక్కాడట, 'ఊళ్లో ఉన్నాను, మందు దగ్గర లేదు' అని టైపు చేశాడట. మర్నాడు తొమ్మిదీ ఐదుకి క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. వాడు అప్పుడే పడుకోబోతున్నాడు. స్పీకర్లో పెట్టి మాట్లాడాడు. ఆవిడ అడిగిన మొదటి మాట, 'నిన్న పని ఎక్కువైందా బాబూ?' అని.

ఫోన్ పెట్టేశాక వాడు రెండు రోజుల మాత్రలు చిన్న డబ్బాలో వేసి డ్యూటీ సంచిలో పెట్టుకున్నాడు. నేను చెప్పలేదు. క్యాలెండర్ తెరిచి నాకు చూపించాడు, అన్నీ పచ్చ చుక్కలు, మధ్యలో మంగళవారం మీద ఒక ఎర్ర చుక్క. వచ్చే వారం కళ్లె పరీక్ష ఉంది.